పాత జర్మన్ కూపేలు: రేకు ముందా, ఇంజన్ ముందా?

పాత జర్మన్ కూపేలను కంపెనీ నుంచి వచ్చినట్టే కాపాడుకోవాలా, నేటి రోడ్లకూ మన వాతావరణానికీ తగినట్టు మార్చుకోవచ్చా అని గోదావరి జిల్లాల పాఠకులు కొంతకాలంగా ఉత్తరాలు రాస్తున్నారు. రెండు తలుపులు, పొట్టి కప్పు, బాగా వాలిన అద్దాలు ఉండే ఈ కార్లు మన వైపు అరుదుగానే కనిపించినా, వాటి మీద అభిమానం మాత్రం అరుదు కాదని ఆ ఉత్తరాలు చెబుతున్నాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు ఇంగ్లండులో డాక్టరుగా పనిచేసి, 1984లో తిరిగి వచ్చేటప్పుడు తమ 1983 మెర్సిడెస్ బెంజ్ 230 సిఇ కూపేను ఓడలో తెచ్చుకున్నారు. ఆయన కాలం చేశాక కొన్నేళ్లుగా అది షెడ్డులోనే ఉంది. మా అబ్బాయి కొత్త ఇంజన్ వేసి, పెద్ద చక్రాలు పెట్టి, మెరుపు లేని నలుపు రంగు కొట్టిద్దామంటున్నాడు. మా బావగారు ఒక్క బోల్టు కూడా మార్చడానికి వీల్లేదంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఎవరి మాటైనా వినే ముందు, బ్యాటరీ తగిలించి ఒకసారి స్టార్టు చేసి చూద్దామన్న తొందరను ఆపుకోండి. మీ బండిలో ఉన్నది బాష్ వారి కె-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి. దీనిలో కంప్యూటరు లేదు. ఇంజన్ పీల్చుకునే గాలి ఒక గుండ్రటి పళ్లాన్ని కదిలిస్తుంది. పళ్లేనికి కలిపి ఉన్న మీట ఒక సన్నని ఉక్కు కడ్డీని జరుపుతుంది. కడ్డీ ఎంత జరిగితే అంత పెట్రోలు నాలుగు సిలిండర్లకూ నాలుగు వేర్వేరు గొట్టాల్లో ఎడతెగకుండా వెళుతుంది. ఆ కడ్డీకీ అది కదిలే రంధ్రానికీ మధ్య ఉండే ఎడం కంటికి ఆననంత తక్కువ. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి సరిగ్గా అక్కడే పట్టేస్తుంది. కాబట్టి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి లోపల తుప్పు ఉందేమో చూడాలి. వెనక ఇరుసు దగ్గరున్న పంపును, ఫిల్టరును విప్పించి, రబ్బరు గొట్టాలన్నీ మార్పించిన తర్వాతే తాళం తిప్పాలి. చాలా చోట్ల ఈ పని చేయకుండానే ఇంజన్ పాడైందని తేల్చి, మార్చేద్దామన్న సలహా ఇచ్చేస్తారు. మీ అబ్బాయి కోరుతున్న కొత్త ఇంజన్ అవసరమే లేకపోవచ్చు.

ఇక అసలు విషయం. మీ కారు చెందిన 123 వరుసలో మెర్సిడెస్ వారు 1970ల మధ్య నుంచి 1980ల మధ్య దాకా దాదాపు 27 లక్షల కార్లు చేశారు. వాటిలో కూపేలు సుమారు ఒక లక్ష. మీ కూపేలోని 136 హార్స్ పవర్ ఇంజన్, గేర్‌బాక్సు, బ్రేకులు, ఇరుసులు అన్నీ అదే వరుసలోని నాలుగు తలుపుల సెడాన్‌లో ఉన్నవే. సెడాన్‌తో కలవనిది బాడీ ఒక్కటే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సెడాన్ కన్నా 85 మిల్లీమీటర్లు తక్కువ. కప్పు పొట్టిది, తలుపులు పొడవైనవి, వాటి వెనక స్తంభం లేదు. నాలుగు అద్దాలూ పూర్తిగా దించితే ముందు అద్దం అంచు నుంచి వెనక అద్దం అంచు దాకా అడ్డమన్నదే ఉండదు. ఈ కారును కూపేగా నిలబెట్టింది ఆ రేకే. ఇంజన్ అరిగిపోతే సెడాన్‌ది దొరుకుతుంది, మెర్సిడెస్ వారు పాత కార్ల కోసమే 1993లో జర్మనీలోని ఫెల్‌బాఖ్‌లో పెట్టిన క్లాసిక్ సెంటరు ద్వారా కూడా చాలా భాగాలు దొరుకుతాయి. కూపేకు మాత్రమే ఉన్న వెనక మూలల రేకును కోసి పారేస్తే దాన్ని మళ్లీ తెచ్చుకోవడం డబ్బున్నా కష్టం. అందుచేత ఇలాంటి కార్ల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. రేకును ముట్టుకోకూడదు. యంత్రభాగాలను, తిరిగి యథాస్థితికి తెచ్చుకునే వీలున్నంత మేరకు, మార్చుకోవచ్చు.

ఈ లెక్కన మీ బావగారి మాట రేకు విషయంలో పూర్తిగా సరైనది, తక్కిన వాటిలో కొంత సడలించదగినది. రోహిణి కార్తెలో భీమవరం నుంచి ఏలూరు దాకా ఆ కారులో వెళ్లవలసివస్తే పాత ఏసీతో ఎవరూ సుఖంగా కూర్చోలేరు. ఇంజన్ పక్కన బ్రాకెట్టుతో బిగించే కొత్త రకం కంప్రెసర్ పెట్టించుకోవడంలో తప్పులేదు, పాతదాన్ని తుడిచి దాచితే చాలు. ఇంజన్ బాగు చేయించేటప్పుడు టైమింగ్ చైను సాగిందేమో తప్పక చూపించండి, ఆ తొలి ఏళ్ల ఇంజన్లలో ఉండేది ఒంటి వరుస చైను.

పెద్ద చక్రాలు మాత్రం వద్దని మీ అబ్బాయికి కారణంతో సహా చెప్పండి. 14 అంగుళాల చక్రానికి తగినట్టు చేసిన మడ్‌గార్డులో 17 అంగుళాల చక్రం పెడితే, గుంటలో దిగినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు రాసుకుంటుంది. అప్పుడు ఆ అంచును సుత్తితో లోపలికి మడుస్తారు. మడిచిన చోట రంగు సన్నగా పగులుతుంది, ఆ పగులులో బురద చేరుతుంది, రెండు వర్షాకాలాలు గడిచేసరికి అక్కడ తుప్పు ఉబ్బుతుంది. చక్రాలు మారాల్సిందే అని పట్టుబడితే ఫుక్స్ కంపెనీ పోతపోయకుండా సాగగొట్టి చేసిన 14 అంగుళాల అల్యూమినియం చక్రాలు ఉన్నాయి. ఆ రోజుల్లో మెర్సిడెస్ వారే అదనపు ధరకు వాటిని అమ్మేవారు. అందంగానూ ఉంటాయి, కారుకు పరాయివి కావు. రంగు సంగతి పాలకొల్లు పాఠకురాలికి రాసిన జవాబులో చూడండి.

ప్రశ్న: నేను కొన్న మెర్సిడెస్ 280 సిఇలో అసలు ఇంజన్ లేదు. పాత యజమాని ఎప్పుడో 1990లలో ట్రాక్స్ జీపు డీజిల్ ఇంజన్ వేయించారట. ఆర్.సి. పుస్తకంలో కూడా డీజిల్ అనే ఉంది. క్లాసిక్ కార్ల మిత్రులు ఈ కారును చూసి పెదవి విరుస్తున్నారు. పెట్రోలు ఇంజన్ తెచ్చి మళ్లీ వేయించాలా?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: మీ మిత్రులు తొందరపడుతున్నారని నా ఉద్దేశం. ట్రాక్స్ ఇంజన్ అని మనం పిలుస్తున్నది ఎక్కడో పుట్టిన పరాయి ఇంజన్ కాదు. అది మెర్సిడెస్ వారి ఓఎం 616 నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, అంటే మీ కారుకు తోబుట్టువైన 240 డి సెడాన్‌లో కంపెనీవారే వేసి అమ్మినది. దాన్ని డైమ్లర్-బెంజ్ వారి లైసెన్సు మీద మన దేశంలో తయారుచేసి ట్రాక్స్‌లో పెట్టింది బజాజ్ టెంపో కంపెనీ, తర్వాతి కాలంలో దాని పేరే ఫోర్స్ మోటార్స్ అయింది. పెట్రోలుకూ డీజిలుకూ మధ్య ధరలో పెద్ద తేడా ఉన్న ఆ రోజుల్లో, రెండు క్యామ్ షాఫ్టులున్న ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌ను పోషించలేక, దాని భాగాలు దొరక్క, ఎంతోమంది ఇదే దారి పట్టారు. మన ఊళ్లలో బెంజి కార్లు నేటిదాకా మిగిలి ఉన్నాయంటే అందుకు ఈ డీజిల్ ఇంజన్లూ ఒక కారణమే.

అలాగని అంతా బాగుందని కూడా అనలేను. 185 హార్స్ పవర్ ఉండవలసిన కారు 70 చిల్లరతో నడుస్తున్నప్పుడు దాని స్వభావం మారిపోతుంది. ఎత్తైన గోదావరి వంతెన ఎక్కేటప్పుడు అది మీకు తెలుస్తూనే ఉంటుంది. కంపెనీ ఎన్నడూ 240 డి కూపేను చేయలేదు. 123 వరుసలో డీజిల్ కూపే అంటే అమెరికా కోసం చేసిన అయిదు సిలిండర్ల 300 సిడి ఒక్కటే.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసినది ఇంజన్ ఏదన్నది కాదు, దాన్ని కూర్చోబెట్టడానికి ఆనాటి మెకానిక్ ఏం కోశాడన్నది. కారును లిఫ్టు మీదికి ఎక్కించి, ఇంజన్ కింది అడ్డ దూలాన్ని, దాని రెండు కొసలనూ లైటు వేసి చూడండి. 240 డి కూడా ఇదే వరుస కారు కాబట్టి, సరైన బ్రాకెట్లతో ఏమీ కోయకుండానే ఈ ఇంజన్‌ను కూర్చోబెట్టే వీలుంది. ట్రాక్స్ బ్రాకెట్లనే తెచ్చి గ్యాస్ వెల్డింగు చేసిన కార్లు కూడా ఉంటాయి. ఏమీ కోయని కారైతే నిశ్చింతగా నడుపుకోండి. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ ఎక్కడైనా పూర్తిగా, అన్ని ఇంజెక్షన్ భాగాలతో సహా దొరికితే కొని దాచండి, ఎప్పుడు వేయించాలన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు. కోసిన కారైతే ఆ దూలాన్ని బాగు చేయించడం మీ మొదటి ఖర్చు కావాలి. పెట్రోలుకు మారితే ఆర్.సి.లో ఇంధనం మార్పుకు రవాణా శాఖ ముందస్తు అనుమతి కావాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాక రాసుకుందామనుకోవద్దు.

ప్రశ్న: నాది 1965 ఫోక్స్‌వ్యాగన్ కార్మన్ గియా. వింటేజి కార్లకు ఇచ్చే ప్రత్యేక నంబరు తీసుకోవాలని ఉంది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టిస్తే ఆ నంబరు రాదా? ఇంజన్ కూడా పెద్దది వేయవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 2021లో కేంద్రం మోటారు వాహన నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లకూ, మోటారు సైకిళ్లకూ వింటేజి గుర్తింపు ఇచ్చింది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి. కొత్తగా తీసుకోవడానికి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు. ఆ కారును రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు తీసుకెళ్లవచ్చు. అసలు షరతు ఏమిటంటే కారు మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండకూడదు.

బ్రేకులు ఈ మూడింటిలోకీ రావు. పైగా కార్మన్ గియాకు 1960ల రెండో సగంలో కంపెనీవారే ముందు డిస్కు బ్రేకులు ఇచ్చారు. మీ 1965 కారు ముందు ఇరుసుకు సరిపోయే, ఏమీ కోయనక్కర్లేని భాగాలు చూసి బిగించుకోండి, పాత డ్రమ్ములు అటక మీద భద్రపరచుకోండి. లారీలు, ట్రాక్టర్లు అడ్డుపడే దారుల్లో నడిపే వారెవరికైనా ఈ మార్పు చేసుకోమనే చెబుతాను. ఇంజన్ విషయంలో మాత్రం ఆగండి. దాన్ని మార్చిన నాడు వీఏ నంబరుకు మీ అర్హతే ప్రశ్నార్థకం అవుతుంది. వీఏ నంబరు లేకుండా మామూలు రిజిస్ట్రేషన్ మీదే నడిపినా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది.

ఇంకొక్క మాట. ఈ కారు యంత్రాలన్నీ బీటిల్‌వే, బీటిల్ భాగాలు ప్రపంచమంతటా దొరుకుతాయి. బాడీ మాత్రం జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో కార్మన్ అనే బాడీల కంపెనీ పనివారు ముక్కలు ముక్కలుగా అతికి, అతుకుల మీద తగరం కలిసిన లోహం కరిగించి పోసి, ఆకురాయితో నునుపు చేసినది. ముక్కు భాగంలో అతుకు ఎక్కడుందో కంటికి కనిపించదు. అక్కడ సొట్ట పడితే పుట్టీ నింపి సరిచేస్తామనే షెడ్డులో కారును వదలవద్దు. ఇత్తడి, రాగి పాత్రలకు మాట్లు వేసి, కళాయి పెట్టే పని తెలిసిన పాతకాలపు టింకరింగ్ మేస్త్రీ ఎవరైనా దొరికితే, ఎంత ఆలస్యమైనా ఆయన దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: మా అన్నయ్య స్టుట్‌గార్ట్ దగ్గర ఇంజనీరుగా పనిచేస్తున్నారు. అక్కడ 1973 బీఎండబ్ల్యూ 3.0 సిఎస్ఐ కూపే కొని, రెక్కలు, వెడల్పు మడ్‌గార్డులు పెట్టించి సిఎస్ఎల్ లాగా మార్చాలని చూస్తున్నారు. ఇది మంచి ఆలోచనేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ సిఎస్ఎల్‌ను చూసి మనసు పారేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. అది ఇదే కూపేకు రేసుల కోసం బరువు తగ్గించి చేసిన రూపం. పలుచని ఉక్కు రేకు వాడి, తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంతో చేశారు. 1973లో వచ్చిన రకానికి ఇచ్చిన పెద్ద వెనక రెక్కను జర్మనీ రోడ్ల మీద బిగించి నడపడానికి అనుమతి లేక, డిక్కీలో పెట్టి అమ్మారు. యూరోపియన్ టూరింగ్ కార్ల చాంపియన్‌షిప్పును ఆ ఏడాది అదే గెలిచింది. మొత్తం చేసినవి వెయ్యి పైచిలుకే. అందువల్లనే వాటిని పోలిన నకళ్లు ఇన్ని పుట్టుకొచ్చాయి.

నా సలహా ఏమిటంటే, మీ అన్నయ్యగారు రెక్కల మీద పెట్టదలచిన డబ్బును కారు కొనేముందు తుప్పు వెతకడం మీద పెట్టాలి. ఈ కూపేలు మొత్తం 30 వేల చిల్లర. వాటి బాడీలను కూడా కట్టింది కార్మన్ వారే. అందంలో వాటికి సాటి లేకపోయినా, తుప్పు పట్టడంలో వాటికి పేరుమోసిన బలహీనత ఉంది. ముందు మడ్‌గార్డు వెనక, తలుపు కీళ్లు బిగించిన స్తంభం అడుగున నీరు చేరి, బయటికి కనిపించకుండా లోపల తినేస్తుంది. పైరంగు అద్దంలా మెరుస్తున్నా, మడ్‌గార్డు విప్పి చూపించమని అడగాలి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకూడదు. ఒక పలుచని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు అంచుల వెంట జరిపితే పుట్టీ ఎక్కడుందో అదే చెబుతుంది. అది అంటుకోని చోట రేకు మీద మందంగా పుట్టీ ఉందన్నమాట, లేదా రేకే లేదన్నమాట. అసలు సిఎస్ఎల్ తలుపులకు మాత్రం ఈ పరీక్ష వర్తించదు.

మార్పులు చేయాలనే ఉంటే ఈ కారులో దానికి మంచి దారి ఉంది. దీని ఎం 30 ఆరు సిలిండర్ల ఇంజన్ సెడాన్‌లోనూ ఉంది, అదే కుటుంబపు ఇంజన్లు 1990ల తొలినాళ్ల దాకా వచ్చాయి. 635 సిఎస్ఐలోని 3.5 లీటర్ల ఇంజన్, అయిదు గేర్ల గేర్‌బాక్సు తెచ్చి దీనిలో వేసుకున్నవారు చాలామంది ఉన్నారు. బయటి నుంచి చూసేవారికి తేడా తెలియదు, పాత ఇంజన్ మూల పడుకుని ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి వేసుకోవచ్చు. వెడల్పు మడ్‌గార్డులను స్క్రూలతో బిగించడానికి అసలు మడ్‌గార్డుకు తొలిచే ప్రతి రంధ్రమూ తుప్పుకు కొత్త గుమ్మమే. ఇంకో సంగతి, జర్మనీలో 30 ఏళ్లు దాటిన కార్లకు నంబరు చివర హెచ్ అక్షరం ఇచ్చే పద్ధతి 1997 నుంచి ఉంది. ఆ కార్లకు ఏడాదికి పన్ను 191 యూరోల చిల్లర ఒక్కటే, కాలుష్య నియంత్రణ మండలాల్లోకి కూడా రానిస్తారు. ఆ కాలంలో చేసిన, లేదా ఆ కాలంలో చేయదగిన మార్పులను వారు ఒప్పుకుంటారు. నేటి కాలపు మార్పులను ఒప్పుకోరు. ఏ పని మొదలుపెట్టేముందైనా పరీక్షించే నిపుణుడితో మాట్లాడి, ఆయన మాటను కాగితం మీద తీసుకోవడం మేలు.

ప్రశ్న: అమెరికాలో సింగర్ అనే సంస్థ పాత పోర్షె 911లను విప్పి కొత్తగా కడుతోంది, జపాన్‌లో మడ్‌గార్డులు కోసి వెడల్పు చేస్తున్నారు. వాటిని ప్రపంచమంతా మెచ్చుకుంటున్నప్పుడు, మార్చడం తప్పని మనం ఎలా అంటాం?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: మార్చడం తప్పని నేను అనడం లేదు. జర్మనీలోనే ఏఎంజీ 1967లో, ఆల్పీనా 1965లో మొదలైంది కంపెనీ కార్లను మార్చడానికే. ఆనాడు వారు మార్చిన కార్లను ఇవాళ కంపెనీ కార్ల కన్నా ఎక్కువ జాగ్రత్తగా కాపాడుతున్నారు.

911 సంగతి నేను పైన చెప్పిన లెక్కకు లొంగదు. దానికి సెడాన్ అన్న తోబుట్టువు లేదు. వెనక ఇరుసుకు ఆవల వేలాడే ఆరు సిలిండర్ల ఇంజన్ దాని సొంతం. 1964 నుంచి 1998 దాకా గాలితోనే చల్లబడిన ఆ ఇంజన్ కోసమే జనం ఆ కారును కొన్నారు. అందుకే బాడీ నంబరూ, ఇంజన్ నంబరూ కంపెనీ రికార్డుతో కలవడం 911లో పెద్ద విషయం. అక్కడ రేకుకూ ఇంజన్‌కూ సమాన గౌరవం ఇవ్వాలి. 2009లో మొదలైన సింగర్ సంస్థవారి పనితనాన్ని తక్కువ చేయలేం. వారు తీసుకునే, 911లలోనే 964 అనే రకం 60 వేలకు పైగా తయారైంది, వాటిలో అరిగి, గుద్దుకుని, చేతులు మారిన కార్లకు కొరత లేదు. అలాంటివాటిని తీసుకుని కొత్త ప్రాణం పోస్తే నాకు అభ్యంతరం లేదు. ఒకే యజమాని చేతిలో, మొదటి రంగుతో మిగిలిన కారును విప్పితే మాత్రం నష్టమే అంటాను. జపాన్‌లో అకిరా నకాయ్ గారు స్వయంగా రంపం పట్టి 911 మడ్‌గార్డులు కోయడంలో చూపే నేర్పు చూడముచ్చటగానే ఉంటుంది, కానీ కోసిన మడ్‌గార్డు తిరిగి రాదు. మీరు ఇంజనీరింగు చదువుతున్నారని రాశారు కాబట్టి, చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టరును చదవండి. తర్వాతి కాలంలో చేసే మార్పు కంటికి అడ్డుపడకుండా, తిరిగి తొలగించగలిగేలా ఉండాలనీ, విప్పిన భాగాలను కారుతోనే ఉంచాలనీ అందులో ఉంది. మార్పును పూర్తిగా నిషేధించిన పత్రం కాదది.

ప్రశ్న: మా కారు రంగు బానెట్ మీద వెలిసిపోయింది, తలుపుల మీద బాగానే ఉంది. మొత్తం కొట్టించాలా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: వద్దు. కంపెనీ రంగు ఒక్కసారే పడుతుంది. వెలిసిన చోట మెత్తగా పాలిష్ పెట్టించి, మైనం రాయించండి. రేకు బయటపడిన చోట అంతవరకే కొట్టించండి. కొత్త రంగు కోసం మొత్తం గీకితే, ఆ కారు ఎక్కడ దెబ్బ తిన్నదో, ఎక్కడ తినలేదో చెప్పే సాక్ష్యం పోతుంది, కొనేవాడికి అనుమానం మొదలవుతుంది. మెరుపు లేని నలుపు కోరుతున్న భీమవరం యువకుడికి కూడా ఇదే జవాబు. పైన ఫిల్ము అతికిస్తే తర్వాత తీసేయవచ్చు కదా అని ఆయన అడగవచ్చు. నలభై ఏళ్ల రంగు మీద ఫిల్ము అతికించి లాగితే రంగు దానితో పాటే ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర. 1985 మెర్సిడెస్ కూపేను ఏమీ మార్చకుండా అలాగే కాపాడుతున్నాం, కవరు కప్పి ఉంచుతున్నాం, తిప్పితే అరుగుతుందని బయటికి తీయడం లేదు. అయినా తలుపుల కింద తుప్పు మొదలైంది. కొత్త పెట్రోలు పాత కార్లకు పడదని కూడా వింటున్నాం. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మీరు శ్రద్ధతో చేస్తున్న పనే కారుకు హాని చేస్తోంది. నరసాపురం, అంతర్వేది వైపు గాలిలో ఉప్పు ఉంటుంది, కాలవల తేమ ఏడాది పొడవునా ఉంటుంది. ప్లాస్టిక్ కవరు ఆ తేమను కారు మీదే బంధిస్తుంది. కవరు తీసేసి, కావాలంటే గాలి ఆడే నూలు గుడ్డ కప్పండి. షెడ్డు నేల మట్టిదైతే ముందుగా సిమెంటు చేయించండి, మట్టి నేల నుంచి లేచే ఆవిరి తిన్నగా కారు అడుగుకే తగులుతుంది.

ఇప్పుడు తలుపు తెరిచి కింది అంచు లోపలి వైపు వేలితో తడిమి చూడండి, సన్నని రంధ్రాలు తగులుతాయి. అద్దం పక్క నుంచి లోపలికి దిగిన వాన నీరు వాటిలోంచే బయటికి పోవాలి. దుమ్ము, ఎండుటాకులు, పాత మైనం కలిసి వాటిని మూసేస్తాయి. వెదురు పుల్లతో పొడిచి తెరవండి. ఇనుప ఊచ పెడితే రంగు గీరుకుంటుంది. తలుపు కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి రేకునూ, జాకీ పెట్టే నాలుగు చోట్లనూ స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా మోగుతుంది. వెనక సీటు పీట ఎత్తి, వెనక అద్దం రబ్బరు కింద తడి ఉందేమో చూడండి. తుప్పు పైపైనే ఉంటే గీకించి, తుప్పును ఆపే ప్రైమరు వేయించి, ఆ పెట్టె రేకుల లోపలికి సన్నని గొట్టంతో కరిగించిన మైనం కొట్టించండి. ఇది మన తీర ప్రాంతంలో ఏ కొత్త చక్రాల కన్నా, ఏ కొత్త రంగు కన్నా ముందు చేయించవలసిన పని. ఎంత నిక్కచ్చి సంరక్షకుడైనా దీన్ని మార్పు అని అనడు. రంధ్రం పడితే ఆ మేరకే కోసి, అదే మందం రేకు వేసి వెల్డింగు చేయించాలి. పైన మరో రేకు అతికించి పుట్టీ పూసే పద్ధతికి ఒప్పుకోవద్దు, రెండు రేకుల మధ్య చేరిన నీరు రెండింటినీ తినేస్తుంది.

వరద నీరు ఎప్పుడైనా కారులోకి వస్తే స్టార్టు చేయకండి. సీట్లు, కింది తివాచీలు అదే రోజు విప్పి ఎండలో వేయండి. ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు, ఇరుసు ఆయిలు, బ్రేకు ఆయిలు అన్నీ మార్పించిన తర్వాతే తాళం సంగతి చూడండి. ధాన్యం నిల్వ చేసే గోడౌను పక్కన కారు ఉంచవద్దు, ఎలుకలు ఆ కాలపు వైర్ల పూతను కొరుకుతాయి.

పెట్రోలు విషయంలో మీరు విన్నది చాలావరకు నిజమే. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటుంది. 1985 నాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు, మెత్తబడి చీలుతాయి. ఎథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి, కదలకుండా నిలబడిన కారులో ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది, ఆ రేణువులు వెళ్లి ఇంజెక్షన్ భాగాల్లో ఇరుక్కుంటాయి. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న గొట్టాలన్నింటినీ ఎథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించండి. కంపెనీ గొట్టం కాదని బాధపడవద్దు. ఎక్కడైనా పెట్రోలు కారి నిప్పు అంటుకుంటే కాపాడుకోవడానికి కారే మిగలదు. కారు నిలబెట్టే రోజుల్లో ట్యాంకులో గాలికి ఖాళీ లేకుండా నిండుగా ఉంచండి, ఎక్కువ కాలం నిలబెట్టవలసివస్తే పూర్తిగా ఖాళీ చేయించండి.

తిప్పితే అరుగుతుందన్న భయం విడిచిపెట్టండి. నెలకు ఒకటి రెండుసార్లైనా, ఇంజన్ పూర్తిగా వేడెక్కేటట్టు పాలకొల్లు దాకానో, భీమవరం దాకానో నడపండి. షెడ్డులోనే అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం నడపడం కిందకు రాదు. అలా చేస్తే సైలెన్సరులో చేరిన నీరు ఆవిరి కాక అక్కడే ఉండిపోయి, దాన్ని లోపలి నుంచి తినేస్తుంది.